చిన్న ఇంగ్లీష్ మాటలు, పెద్ద పాయింట్లు: స్క్రాబుల్ ఆడేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మా ఇంటి వరండాలో ఆదివారం సాయంత్రాలు స్క్రాబుల్ ఆడతాం. అక్షరాల బిళ్ళలను గళ్ళ బోర్డు మీద పేర్చి ఇంగ్లీష్ మాటలు కట్టే ఆట ఇది, ప్రతి అక్షరానికీ కొన్ని పాయింట్లు ఉంటాయి. వీధిలోని స్కూలు పిల్లలు, ఇంటర్ పిల్లలు, వాళ్ళను దింపడానికి వచ్చి ఆగిపోయే తల్లిదండ్రులు, సెలవులకు కావలి నుంచో ఒంగోలు నుంచో వచ్చే చుట్టాలు అందరూ కూర్చుంటారు. కొత్తవాళ్ళు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఇంగ్లీష్ స్పెల్లింగులను అక్షరాల పేర్లతోనే రాశాను. 'ఏ' అంటే ఇంగ్లీషులో మొదటి అక్షరం, 'ఇ' అంటే అయిదోది, 'ఐ' అంటే తొమ్మిదోది.

మాది తెలుగు మీడియం. ఇంగ్లీష్ అంతంత మాత్రం. ఈ ఆట మాకు వస్తుందా?

తప్పకుండా వస్తుంది. ఈ ఆటలో గెలిపించే చిన్న మాటలు చాలావరకు ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడుకునేవాళ్ళకు కూడా తెలియవు. లండన్‌లో పుట్టినా ఆత్మకూరులో పుట్టినా వాటిని పనిగట్టుకుని నేర్చుకోవాల్సిందే. పెద్ద మాట కోసం ఒకరు బుర్ర గోక్కుంటూ కూర్చుంటే, రెండక్షరాల మాటలు బాగా వచ్చిన జిల్లా పరిషత్ స్కూలు పిల్లాడు చకచకా వేసుకుంటూ దాటిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఇక్కడ కావలసింది ఓపిక, జ్ఞాపకం. ధారాళంగా మాట్లాడటం రాకపోయినా ఆటకు అడ్డు కాదు.

రెండక్షరాల మాటలకు వచ్చేది నాలుగైదు పాయింట్లే కదా, వాటి వెంట ఎందుకు పడాలి?

ఒక్కటే చూస్తే నిజమే. కానీ ఒక మాటను ఇంకో మాట పక్కనే ఆనించి పెట్టాలంటే మధ్యలో పుట్టే ప్రతి చిన్న జంటా చెల్లే మాట కావాలి. ఆ జంటలు మీకు తెలిస్తే ఒక్క ఎత్తులో మూడు నాలుగు మాటల పాయింట్లు పడతాయి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. బోర్డు మీద అడ్డంగా 'డ్యామ్' ఉంది, మన సోమశిల డ్యామ్ అంటామే అదే: డి-ఏ-ఎమ్. మీ దగ్గర ఏ, ఎక్స్, ఇ ఉన్నాయి. ఆ మూడూ కలిస్తే 'యాక్స్', గొడ్డలి. పాయింట్లు పెంచే రంగు గళ్ళు తగలకపోతే దాని విలువ 10 పాయింట్లు. దాన్నే సరిగ్గా డ్యామ్ కింది మూడు గళ్ళలో పెట్టండి. నిలువుగా మరో మూడు మాటలు పుడతాయి. డి కింద ఏ వచ్చి 'డా', ఏ కింద ఎక్స్ వచ్చి 'యాక్స్', ఎమ్ కింద ఇ వచ్చి 'మీ'. 'డా' అంటే బర్మాలో వాడే బరువైన కత్తి. ఏ-ఎక్స్ అనేది గొడ్డలికే పొట్టి స్పెల్లింగ్. వాటికి వరసగా 3, 9, 4 పాయింట్లు. మొత్తం 26. అవే మూడు బిళ్ళలు, అదే గొడ్డలి, రెండున్నర రెట్లు ఫలితం.

ఇలాంటి రెండక్షరాల మాటలు మనం వాడే కాలిన్స్ జాబితాలో, అంటే ఆటలో చెల్లే మాటల పట్టికలో, నూట ఇరవైకి పైగా ఉన్నాయి. సగం మీకు ఇప్పటికే తెలుసు.

క్యూ వచ్చింది, యు రాలేదు. పారేయడమేనా?

వద్దు. క్యూ విలువ 10. ఆట ముగిసేసరికి అది చేతిలో మిగిలిపోతే ఆ 10 మీ లెక్కలోంచి పోతుంది. యు లేకుండా దాన్ని వదిలించుకునే మాటలు బోలెడు ఉన్నాయి.

అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది క్యూ-ఐ. 'చీ' అని పలకాలి. చైనావాళ్ళ ఆలోచనలో ఒంట్లో ప్రవహించే ప్రాణశక్తి అది. మామూలుగా 11 పాయింట్లే, కానీ అక్షరం విలువను మూడు రెట్లు చేసే గడిలో క్యూ పడి, అడ్డంగానూ నిలువుగానూ 'చీ' అయితే ఒక్కో వైపు 31 చొప్పున 62 పాయింట్లు వస్తాయి. మా వరండాలో అలా పడిన రోజు పిల్లల కేకలు వీధి చివరి దాకా వినపడతాయి.

క్యూ-ఏ-టి అంటే యెమెన్, ఇథియోపియా వైపు జనం నమిలే ఒక ఆకు. నమిలితే కాస్త హుషారు వస్తుంది. దాన్నే కె-ఏ-టి, కె-హెచ్-ఏ-టి అని కూడా రాస్తారు, మూడూ చెల్లుతాయి. ఎస్-యు-క్యూ అంటే అరబ్బు దేశాల బజారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు మన వైపు చాలామంది ఉన్నారు, వాళ్ళకు 'సూక్' కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ తరవాతివి మనకు పేపర్లోనూ టీవీలోనూ రోజూ వినపడేవే. వక్ఫ్ (డబ్ల్యు-ఏ-క్యూ-ఎఫ్) 19 పాయింట్లు. ఫకీర్ (ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్) 17. నికాబ్ (ఎన్-ఐ-క్యూ-ఏ-బి) 16. తలాక్ (టి-ఏ-ఎల్-ఏ-క్యూ) 14. వీటిని అమెరికా పిల్లలు కష్టపడి బట్టీ పట్టాలి. మన పిల్లలకు అర్థం ముందే తెలుసు, స్పెల్లింగ్ ఒక్కటి చూసుకుంటే చాలు.

జెడ్‌కు ఏమున్నాయి?

జెడ్-ఏ అంటే పిజ్జా. అమెరికా కుర్రాళ్ళు పొట్టి చేసి పలికే మాట, డిక్షనరీకెక్కింది. జెడ్-ఓ అంటే హిమాలయాల్లో జడలబర్రెకూ ఆవుకూ పుట్టిన పశువు. దీన్ని డి-జెడ్-ఓ అనీ, జెడ్-హెచ్-ఓ అనీ కూడా రాయొచ్చు. టిబెట్ మాటను ఎవరికి వినపడినట్టు వాళ్ళు రాసుకోవడం వల్ల ఇన్ని రూపాలు మిగిలాయి. ఆడేవాళ్ళకు అది వరం.

ఏ-డి-జెడ్-ఇ అంటే బాడిస, వడ్రంగి చెక్క చెక్కే పనిముట్టు. 14 పాయింట్లు.

నాకు బాగా ఇష్టమైనది జెడ్-ఏ-ఎక్స్. ఇంటి కప్పులకు వాడే పలకరాళ్ళను అంచులు కొట్టి, మేకుకు బెజ్జం పొడిచే పనిముట్టు అది. మార్కాపురం పలకల మీద ఓనమాలు దిద్దిన జిల్లావాళ్ళం, పలకరాయి కొట్టే పనిముట్టు పేరు మనకు గుర్తుండకపోతే ఎవరికి గుర్తుంటుంది? మూడక్షరాలకు 19 పాయింట్లు.

జె, ఎక్స్, కె సంగతి?

జె-ఓ అంటే స్కాట్లండ్ వాళ్ళ భాషలో ప్రియమైన మనిషి. జె-ఏ-ఐ అంటే మన 'జై'యే, 10 పాయింట్లు. ఆర్-ఏ-జె, టి-ఏ-జె, హెచ్-ఏ-జె కూడా చెల్లుతాయి. తాజ్ అంటే ఇక్కడ ఆగ్రా కట్టడం కాదు, ఫకీర్లు పెట్టుకునే పొడుగాటి టోపీ.

ఎక్స్ నిజానికి సులువైన అక్షరం. ఏ, ఇ, ఓ మూడిటి వెనకా నిలబడుతుంది, ఐ, యు రెండిటి ముందూ నిలబడుతుంది. ఓ-ఎక్స్ ఎద్దు. ఎక్స్-ఐ గ్రీకు అక్షరం. ఎక్స్-యు వియత్నాం పాత చిల్లర నాణెం, అక్కడి డబ్బు డాంగ్‌లో నూరో వంతు.

కె-ఏ అంటే పాత ఈజిప్టువాళ్ళు నమ్మిన ఆత్మ. కె-ఐ అంటే పైన చెప్పిన 'చీ'కే మరో రూపం.

చేతిలో అన్నీ అచ్చులే ఉంటే?

సంచీలో ఇ 12, ఏ 9, ఐ 9, ఓ 8 బిళ్ళలు ఉంటాయి కాబట్టి ఈ కష్టం అందరికీ వస్తుంది. ఏ-ఏ అంటే హవాయి దీవుల్లో గరుకుగా గడ్డకట్టిన లావా. ఏ-ఐ అంటే దక్షిణ అమెరికా అడవుల్లో చెట్టుకు వేలాడుతూ మెల్లగా కదిలే స్లాత్, మూడు గోళ్ళ రకం. దాని అరుపే దాని పేరు. ఓ-ఇ అంటే ఫారో దీవుల దగ్గర లేచే సుడిగాలి. ఏ-ఇ అంటే స్కాట్లండ్ మాటలో ఒకటి. ఇ-ఏ-యు అంటే నీళ్ళు. దీని బహువచనం చివర ఎస్‌కు బదులు ఎక్స్ కూడా పెట్టొచ్చు, అప్పుడు ఆ నాలుగక్షరాలకు 11 పాయింట్లు.

ఇక మన తీరానికి సొంతమైన మాట ఒకటుంది. నెల్లూరు, ప్రకాశం తీరం పొడుగునా రొయ్యల హేచరీలు ఉన్నాయి కదా. గుడ్డు పగిలాక పిల్ల మొదట నాప్లియస్, తరవాత జోయా, ఆ తరవాత మైసిస్, చివరికి పోస్ట్ లార్వా. హేచరీలో పనిచేసేవాళ్ళ నోట్లో రోజూ నలిగే ఆ 'జోయా' స్పెల్లింగ్ జెడ్-ఓ-ఇ-ఏ. మూడు అచ్చులు ఖర్చవుతాయి, 13 పాయింట్లు వస్తాయి. బహువచనం జెడ్-ఓ-ఇ-ఏ-ఇ, అంటే ఒకే మాటలో నాలుగు అచ్చులు. ఈ మాట మా గుంపుకు నేర్పింది హేచరీలో టెక్నీషియన్‌గా చేసే ఒక పిల్లాడి నాన్న. ఆయన ఆట చూడటానికి వచ్చి, "అది మా జోయానే గదా, పెట్టరా" అన్నాడు. డిక్షనరీ తీస్తే ఉంది.

అచ్చులే లేకపోతే?

సి-డబ్ల్యు-ఎమ్, 'కూమ్' అని పలకాలి. కొండల్లో హిమానీనదం తొలిచిన గిన్నెలాంటి లోయ. వేల్స్ దేశపు మాట. నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కేవాళ్ళు దాటే వెస్టర్న్ కూమ్ పేరులో ఉన్నది ఇదే, ఆ పేరు 1921లో జార్జ్ మాలరీ పెట్టాడు. అదే వేల్స్ నుంచి వచ్చిన ఇంకో మాట సి-ఆర్-డబ్ల్యు-టి-హెచ్, 'క్రూత్', కమానుతో వాయించే పాతకాలపు తంత్రీ వాద్యం. ఎన్-టి-హెచ్ అంటే లెక్కల్లో మనం రాసే 'ఎన్‌వ పదం'లోని ఎన్‌త్.

మిగిలినవి నోటి చప్పుళ్ళు: ఎస్-హెచ్, హెచ్-ఎమ్, ఎమ్-ఎమ్, పి-ఎస్-టి, బి-ఆర్-ఆర్, టి-ఎస్-కె. చివరిది మనం నాలుకతో 'చ్చొచ్చొ' అంటామే, ఆ చప్పుడు.

వి ఎందుకంత ఏడిపిస్తుంది?

వి ఉన్న రెండక్షరాల మాట ఒక్కటి కూడా లేదు కాబట్టి. బోర్డు చివర్లో బిగుసుకుపోయినప్పుడు దాన్ని ఎక్కడా ఇరికించలేం. అందుకే వి చేతికి రాగానే, బోర్డు ఖాళీగా ఉన్నప్పుడే వదిలించుకోమని చెబుతాను. వి-యు-జి అంటే రాతిలో స్ఫటికాలు పట్టిన చిన్న తొర్ర. వి-ఓ-ఇ అంటే షెట్లండ్ దీవుల్లో సన్నటి సముద్రపు పాయ. వి-ఏ-వి హీబ్రూ అక్షరం. సి కూడా ఇంచుమించు ఇంతే, దానికి సి-హెచ్ ఒక్కటే ఉంది.

మన మాటలు చెల్లుతాయా?

చాలా చెల్లుతాయి. పిల్లలు ముందు తిండి దగ్గర మొదలుపెడతారు. ఇడ్లీ, దోసె రెండూ ఉన్నాయి: ఐ-డి-ఎల్-ఐ, డి-ఓ-ఎస్-ఏ. నెయ్యి రెండు రకాలుగా ఉంది, జి-హెచ్-ఇ-ఇ, జి-హెచ్-ఐ. రాగులు ఆర్-ఏ-జి-ఐ. మినుములు యు-ఆర్-డి. ఈ యు-ఆర్-డి చాలా పనికొస్తుంది, మినుము పండించే ఇళ్ళ పిల్లలకు కూడా అది ఇంగ్లీష్ డిక్షనరీలో ఉందని తెలియదు. సాంబార్ కూడా ఉంది, అదే స్పెల్లింగుతో కణుజు అనే పెద్ద జింక కూడా.

రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గరికి జనం వస్తారే, ఆ రొట్టె కూడా ఉంది, ఆర్-ఓ-టి-ఐ. పాయింట్లు నాలుగే అయినా అక్షరాలు నాలుగూ సులువుగా దొరికేవి, చివర ఎస్ కూడా పడుతుంది. బారాషహీద్ దర్గా పేరులోని దర్గా కూడా చెల్లుతుంది, డి-ఏ-ఆర్-జి-ఏ.

ఏ-ఎన్-ఎన్-ఏ చూసి పిల్లలు 'అన్న' అని సంబరపడతారు. అది అణా, రూపాయిలో పదహారో వంతు. 1957లో నయాపైసలు వచ్చేదాకా నడిచింది. లక్ష ఎల్-ఏ-కె-హెచ్, 11 పాయింట్లు. కోటి సి-ఆర్-ఓ-ఆర్-ఇ, 7 మాత్రమే. స్క్రాబుల్‌లో కోటి కంటే లక్ష విలువైనదని చెబితే చిన్నపిల్లలు ఇక మరిచిపోరు.

తెలుగు నుంచి నేరుగా వెళ్ళినవి కూడా ఉన్నాయి. పి-ఐ-టి-టి-ఏ అనేది ఒక జాతి రంగురంగుల పక్షులకు ఇంగ్లీష్ పేరు. అది మన 'పిట్ట'. బాండికూట్ మన 'పందికొక్కు'. ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు కూడా ఆ పేరే పెట్టారు. తొమ్మిదక్షరాలు కాబట్టి అది బోర్డు మీద పడటం అరుదు. కానీ ఇంగ్లీష్ పరాయిదని బెదిరే పిల్లాడికి ఈ రెండు మాటలు చెప్పి చూడండి, వాడు కూర్చునే తీరే మారుతుంది. నేను ఈ ఆట నేర్పడంలో అసలు కారణం అదే.

నెల్లూరు, ఒంగోలు అని పెట్టొచ్చా?

ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు చెల్లవు. మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్ళి అక్కడ 'నెలోరి' అని మన నెల్లూరు పేరుతో పెద్ద మందలయ్యాయి. అయినా ఆ పేరు బోర్డు మీద పనికిరాదు. ఒంగోలు గిత్తను పెట్టాలనుకుంటే మూపురం ఉన్న పశువులన్నిటికీ ఉమ్మడి మాట ఉంది, జెడ్-ఇ-బి-యు. 15 పాయింట్లు. అలాగే టీవీ, ఏపీ లాంటి పొడి అక్షరాలు చెల్లవు. ఓకే మాత్రం చెల్లుతుంది, కాలిన్స్ జాబితాలో 2019లో చేరింది.

ఏ మాట చివరైనా ఎస్ పెట్టేయొచ్చా?

అర్థం తెలియనివాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. నామవాచకమైతే సాధారణంగా ఎస్ పడుతుంది: క్యూ-ఐ-ఎస్, సి-డబ్ల్యు-ఎమ్-ఎస్. ఊరికే నోటి చప్పుడైతే పడదు. పి-ఎస్-టి వెనక ఎస్ పెడితే తప్పు. మరి టి-ఎస్-కె వెనక పెట్టొచ్చు, ఎందుకంటే అలా చప్పుడు చేయడం అనే క్రియ కూడా అది. ఎన్-టి-హెచ్ విశేషణం, దానికీ పడదు. సంచీ మొత్తంలో ఎస్ బిళ్ళలు నాలుగే ఉంటాయి. రెండు మూడు పాయింట్ల కోసం ఒకటి ఖర్చు పెట్టకండి.

అర్థాలు తెలియకుండా గెలవలేమా?

గెలవచ్చు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు, ఆయనకు ఫ్రెంచ్ మాట్లాడటం రాదు. 2024లో స్పానిష్ పోటీ కూడా అలాగే గెలిచాడు. మాటలను అక్షరాల వరసలుగా గుర్తుపెట్టుకునే అసాధారణ జ్ఞాపకశక్తి ఆయనది. మామూలు మనుషులకు అర్థమే కొక్కెం. 'ఓ-ఇ' అని పదిసార్లు రాసినా మరిచిపోయే పిల్ల, సుడిగాలి అని చెబితే మరిచిపోదు. రూల్ ప్రకారం అవతలివాళ్ళు అర్థం అడిగితే చెప్పాల్సిన పని లేదు, జాబితాలో ఉంటే చాలు. మా దగ్గర మాత్రం అడుగుతాం.

ఇంటర్ పిల్లాడు దీంట్లో పడితే చదువు పాడవుతుందని టెన్షన్‌గా ఉంది.

వారానికి ఒక సాయంత్రం ఆడితే ఏ చదువూ పాడవదు. పైగా ఎంపీసీ వాళ్ళకు సగం పని అయిపోయే ఉంటుంది. ఫిజిక్స్ పుస్తకంలో ఘర్షణ గుణకం 'మ్యూ', సాంద్రత 'రో', టార్క్ 'టౌ', దక్షత 'ఈటా', ఇవన్నీ గ్రీకు అక్షరాల పేర్లు. ఎమ్-యు, ఆర్-హెచ్-ఓ, టి-ఏ-యు, ఇ-టి-ఏ అని అన్నీ చెల్లుతాయి. పి-ఐ, ఎన్-యు, పి-హెచ్-ఐ, పి-ఎస్-ఐ, సి-హెచ్-ఐ కూడా. సంగీతం నేర్చుకునే పిల్లలకు పాశ్చాత్య స్వరాలు ఏడూ రెండక్షరాల మాటలే: డో, రే, మి, ఫా, సో, లా, టి. వాటిని మన సరిగమల వరసలో పాడించి చూడండి, ఒక్క పూటలో వచ్చేస్తాయి.

ఫోన్‌లో చెల్లిన మాట మీ దగ్గర చెల్లదంటున్నారు, ఏంది ఇది?

జాబితాలు రెండు. అమెరికా, కెనడాల్లో ఒకటి. మన దేశంతో సహా మిగతా చాలా చోట్ల పోటీలకు కాలిన్స్ జాబితా. అది పెద్దది, 2,70,000కు పైగా మాటలుంటాయి. జెడ్-ఓ, సి-హెచ్, జె-ఏ-ఐ కాలిన్స్‌లోనే చెల్లుతాయి. ఫోన్ ఆటలు కొన్ని సొంత జాబితాలు పెట్టుకుంటాయి, అక్షరాల విలువలు కూడా మారుస్తాయి. ఆట మొదలుపెట్టకముందే ఏ జాబితా అనేది ఒప్పుకోండి. మధ్యలో తేల్చుకుందాం అనుకుంటే గొడవే.

ఇన్ని మాటలు ఎలా గుర్తుంటాయి?

ఒకేసారి నేర్చుకోవద్దు. ముందు క్యూ, జెడ్, జె, ఎక్స్ ఉన్న చిన్నవి. తరవాత మిగతా రెండక్షరాలవి. మూడక్షరాలవి వెయ్యికి పైగా ఉన్నాయి, వాటికి తొందర లేదు. చిన్నపిల్లల చేత పలక మీద ఒక మాట రాయించి, దాని ముందూ వెనకా ఏ అక్షరం అతుకుతుందో చూపించమంటాను. ఏ-ఐ రాశారనుకోండి, వెనక ఎల్ పెడితే జబ్బుపడటం, ఎమ్ పెడితే గురి, ఎస్ పెడితే స్లాత్‌లు. తుడిచి ఇంకోటి. పలక అయితే తుడిచేయడానికి భయపడరు, కాగితం మీద తప్పు రాయడానికి పిల్లలు జంకుతారు.

బోర్డు కొనాలంటే ఖరీదు కదా?

అట్టతో చేసుకోవచ్చు. అడ్డం 15, నిలువు 15 గళ్ళు. బిళ్ళలు 100. ఇ 12; ఏ, ఐ తొమ్మిదేసి; ఓ 8; ఎన్, ఆర్, టి ఆరేసి; డి, ఎల్, ఎస్, యు నాలుగేసి; జి 3; బి, సి, ఎఫ్, హెచ్, ఎమ్, పి, వి, డబ్ల్యు, వై రెండేసి; జె, కె, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటి. మిగిలిన రెండూ ఖాళీవి, వాటిని ఏ అక్షరంగా అయినా వాడుకోవచ్చు, పాయింట్లు ఉండవు. విలువలు: క్యూ, జెడ్ 10, జె, ఎక్స్ 8, కె 5, ఎఫ్, హెచ్, వి, డబ్ల్యు, వై 4, బి, సి, ఎమ్, పి 3, డి, జి 2, మిగతావన్నీ 1. చేతిలోని ఏడు బిళ్ళలూ ఒకేసారి వాడినవాళ్ళకు అదనంగా 50. బిళ్ళలన్నీ ఒకే మందం అట్టతో కత్తిరించండి, లేకపోతే సంచీలో చెయ్యి పెట్టినప్పుడు వేళ్ళకు తెలిసిపోతుంది.